ఆదివారం గాలం

"ఫోన్ ఆపేసి ఇక్కడ కూర్చుంటే ఎట్టాగండీ? లోడుకి రమ్మని ఓనరు నాకు చేస్తన్నాడు!" చెరువు గట్టు దిగుతూనే అరిచింది జాకియా.

ఆమె భర్త ఇక్బాల్ తల తిప్పలేదు. వారమంతా క్వారీ లారీ తోలి, ఆదివారం తెల్లారగానే గాలం పట్టుకుని జగ్గయ్యపేట చెరువుకొచ్చేస్తాడు. ఒక్కనాడూ చేప తెచ్చింది లేదు.

"ఇంక లేవండి," అంటూ జాకియానే గాలం పైకి లాగింది. కొక్కేనికి ఏమీ లేదు.

"ఎరని చేప తినేసిందా?"

"అసలు పెట్టలేదు."

"ఎర లేకుండా చేపెట్టా పడుద్ది?"

"పడితే లేవాలి కదా, జాకియా."

జాకియా ఖాళీ కొక్కేన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆ కూర్చునేదేదో ఇంట్లోనే కూర్చోవచ్చుగా?"

"ఇంట్లో కూర్చుంటే ఖాళీగా ఉన్నాననుకుంటారు. గాలం పట్టుకుంటే ఎవరూ ఏ పనీ చెప్పరు."

నీళ్ళ మీద నీటికోళ్ళు తీరిగ్గా ఈదుతున్నాయి. పొద్దున్నించీ కుట్టుమిషను తొక్కిన కాళ్ళు లాగుతున్నాయని జాకియాకి అప్పుడు తెలిసొచ్చింది.

చేతిలో ఫోన్ మోగింది. ఓనరే.

"చెరువంతా తిరిగానండీ, ఆయన ఎక్కడా కనపళ్ళేదు," అని పెట్టేసింది. గాలం మళ్ళీ నీళ్ళలోకి విసిరింది.

"కాస్త జరగండి," అంది, చెప్పులు విప్పుతూ.