తొంభై దగ్గర ఆగిన రేడియో

గీత పడకుండా డాష్‌బోర్డు విప్పాలి. ఏరియల్ తీగ మధ్యలో అగ్గిపెట్టెంత డబ్బా బిగించాలి. దానికి కరెంటు ఇచ్చి అంతా మళ్ళీ మూసేయాలి. పొద్దున పదింటికల్లా ఊరి లీడర్ ప్రభాకరన్న కారు రేడియోలో ఆయన ఇంటర్వ్యూ పలకాలి. పలక్కపోతే రాజనర్సు తన రిపేరు షాపు ఖాళీ చేయాలి. షాపు ఉన్న షట్టర్ గది ప్రభాకరన్నదే మరి.

పనులన్నీ అయ్యాయి. పది దాటి రెండు నిమిషాలయింది. కారు నాలుగు తలుపులూ తెరిచి, ముప్ఫై మంది దండలతో చుట్టూ నిలబడ్డారు. రేడియో బుస్సుమంటోంది.

"ఏంది రాజనర్సూ? నేనేమన్న పామునా, బుసకొట్టనీకి?" అన్నాడు ప్రభాకర్.

"జపాన్ బండి గదన్నా. దీని రేడియో తొంభై కాడ్నే ఆగుతది. మన స్టేషన్ తొంభై దాటినంక ఉంటది. గా నంబర్‌ను కిందికి దింపనీకే డబ్బా పెట్టిన. నిన్న పొద్దుగూకంగ పాటలు మంచిగనే వచ్చినయ్."

"పాటలొస్తయ్, నేను రానా?"

ఫోన్ మోగింది. అందరూ వినాలని ప్రభాకర్ స్పీకర్ ఆన్ చేశాడు.

"అన్నా, దత్తాత్రిని! పాత బస్టాండ్ కాడ హోటల్ల అందరం ఇంటున్నం. ఏం మాట్లాడుతున్నవన్నా! ముసలోళ్లు కండ్లు తుడుసుకుంటున్రు."

ఆ ఫోన్ పెట్టేలోపే బామ్మర్ది సతీశ్ ఫోన్. "బావా, ఇంట్ల అందరం రేడియో ముంగటనే కూసున్నం. మా అవ్వ చాయ్ గూడ తాగలే!"

రాజనర్సు పరుగున పోయి షాపులోని తన పాత రేడియో తెచ్చాడు. అదీ బుస్సుమంది.

"అన్నా, గిండ్ల గూడ గంతే. నాకైతే ఏం వినవడ్తలేదు."

"ఊరంత ఇంటుంటే నీ ఒక్కనికే చెవుడా? రెండు రేడియోలు ఖరాబు జేసినవ్. రేపటికల్లా సామాన్ తీస్కపో!"

మళ్ళీ ఫోన్. మళ్ళీ స్పీకర్.

"నమస్తే సర్, ఎఫ్ఎం స్టేషన్ నుంచి మైత్రిని. సారీ సర్, పొద్దుగాల నుంచి మా టవర్ బందున్నది. మీ ఇంటర్వ్యూ రేపు పదింటికి వేస్తం."

ముప్ఫై మందీ తమ చేతుల్లోని దండల్ని అప్పుడే చూసినట్టు చూసుకున్నారు. రాజనర్సుకు ప్రాణం లేచొచ్చింది.

"మరి షట్టర్ అన్నా..."

ప్రభాకర్ అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఆళ్లకు నేనంటే పాణం. రాకున్నా ఇన్నమన్నరు. నీకేం రోగం?"

మర్నాడు పదింటికి కారులో ప్రభాకరన్న గొంతు ఖంగున పలికింది. సామాను ఆటోలోకి ఎక్కిస్తూ రాజనర్సు అంతా విన్నాడు.

ఇప్పుడతను కొమురవెల్లి స్వాగత కమాను పక్కన చిన్న డబ్బా కొట్టులో కూర్చుంటున్నాడు. మీ బండి రేడియో తొంభై దగ్గర ఆగిపోతే అతన్ని గుర్తుంచుకోండి. వినబడకపోతే వినబడలేదనే చెప్తాడు.