మగ్గం చప్పుడే మందు

“సుట్టీ రోజు గూడ ఎక్కడికి?” గడపకు అడ్డంగా నిలబడి అడిగింది ద్రౌపది.

అంబాదాస్ తలకు తువ్వాలు బిగించి కట్టుకున్నాడు. “తల పగుల్తున్నది. పక్క గల్లీల మగ్గాలు నడుస్తున్నయ్. పోయి జరసేపు నేస్త.”

“చప్పుడుకు తల నొస్తదంటే ఇన్న గాని, తగ్గుతదంటే ఇన్లే!”

“నాకు తగ్గుతది. పోయిన సుట్టీకి గట్లనే తగ్గె.”

నిజమే. ఆర్నెల్లుగా ఇదే వరస. మరమగ్గాల దడదడలో అతని తల దూదిపింజలా తేలిపోతుంది. కిటికీ ఎండలో నూలు దుమ్ము మెల్లగా ఆడుతుంటే, నేస్తున్న చద్దరు మీద పువ్వులు వాటంతటవే విచ్చుకుంటున్నట్టు తోస్తుంది. కలలో ఉన్నట్టే ఉంటుంది. సెలవని ఇంటి పట్టున ఉన్న రోజు మాత్రం పొద్దెక్కేసరికి కణతల్లో పోటు మొదలు. ద్రౌపది పాపం వేడివేడి జొన్నరొట్టె వడ్డించి, తలలో మల్లెలు పెట్టుకుని ఎదురుగా కూర్చుంటే, ఆ ముఖం చూసే ఓపిక కూడా ఉండదు.

సవతి అయితే కొప్పు పట్టి ఈడ్చేది. మగ్గంతో ఏమని కొట్లాడుతుంది? ద్రౌపదికి ఏడుపొచ్చింది.

“ఇల్లు నొప్పి, మగ్గం మందు! అంటే నేనే నీ తలనొప్పి. నడువ్, డాక్టర్‌నే అడుగుదాం.” చెయ్యి పట్టుకుని సందు చివరి దవాఖానకు లాక్కుపోయింది.

డాక్టర్ సులోచన అతని కళ్లు చూసింది, మెడ నొక్కింది, బీపీ చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి.

“రోజు నొప్పి గోలీలు ఏసుకుంటవా?”

“పండరిపురంల తులసిమాల ఏసుకున్ననాడే గోలీలు ముట్టనని ఒట్టు పెట్టుకున్న, డాక్టర్‌బాయి. గోలీ నాలిక మీద పెట్టలే.”

“విచిత్రం! రోజు గోలీలు మింగేటోళ్లకే గిట్లయితది. ఒక్కనాడు మానితే నొప్పి లేస్తది, మల్ల గోలీ పడితేనే దిగుతది. ఆఖరికి గోలీయే రోగమైతది.”

“మరి నాకు మగ్గం కాడ ఎట్ల దిగుతది?”

“ఆడ ఏమన్న తింటవా, తాగుతవా?”

“మా ద్రౌపది పంపే చాయ్. సుట్టీనాడు పక్క గల్లీకి పోయినా పంపుతది. గంతే.”

డాక్టర్ ఆమె వైపు తిరిగింది. ద్రౌపది అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఒట్టు ఆయనది గదా, నాది గాదని... ఆ చప్పుడుకు తల నొయ్యొద్దని... మగ్గం కాడి చాయిల రోజు అల్లంతో బాటె రెండు గోలీలు దంచి ఏస్తున్న, బాయీ!”