గుండె మీద చెయ్యి

"డాక్టరు ఏమన్నాడో చెప్పేదాకా వ్యాను తాళాలు ఇచ్చేది లేదు," అంది భార్య, తాళాల గుత్తి గుప్పిట్లో బిగించి.

అతను అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాడు. వంగి లేచేసరికి కళ్లు చీకట్లు కమ్మాయి. తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. నెల్లాళ్లుగా ఇదే తంతు. అది చూసే ఆమె తాళాలు లాక్కుంది. బడిపిల్లల్ని ఎక్కించుకుని తిప్పే బండాయె మరి.

"ఏముందే, అంతా బాగానే ఉందన్నాడు. నీరసమట."

డాక్టరు అలా అనలేదు. "గుండెలో వాల్వు పాడైంది, రక్తం వెనక్కి కారుతోంది. వెంటనే ఆపరేషన్ కావాలి. అప్పటిదాకా స్టీరింగు ముట్టుకోవద్దు," అన్నాడు. ఒక పగలూ రాత్రీ ఛాతీకి వైర్లు అంటించి మెళ్లో తగిలించిన డబ్బా ఒకటుంది, దాంట్లోంచి వచ్చిన గుండె కొట్టుకున్న గీతలు చూపించి ఇంకేదో కూడా చెప్పాడు. ఆపరేషన్ అన్న మాట విన్నాక ఇతని చెవికి ఇంకేమీ ఎక్కలేదు. కోత అంటే చచ్చేంత భయం మనిషికి. పైగా ఈ డాక్టర్లంతా ఇంతే, గోరంతలు కొండంతలు చేస్తారని దారి పొడుగునా తనకు తానే సర్దిచెప్పుకుంటూ వచ్చాడు.

"చొక్కా విప్పండి," అంది ఆమె.

అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

పెళ్లైన కొత్తలో ఆమె కనిపెట్టిన కిటుకు అది. ఈయన అబద్ధమాడితే ముఖం మామూలుగానే ఉంటుంది, గుండె మాత్రం దడదడలాడిపోతుంది. సిగరెట్లు మానేశానన్నప్పుడు అలాగే దొరికిపోయాడు. మాడిన కూర అమృతంలా ఉందన్నప్పుడూ అంతే. "మీ గుండె నా మనిషండీ, మీ మనిషి కాదు," అని ఏడిపించేది.

"ఇప్పుడెందుకే ఆ పరాచికాలు?"

"నిజం చెప్పేవాడికి భయమెందుకూ? విప్పండి."

విప్పాడు. ఆమె అరచెయ్యి ఛాతీ మీద ఆనించింది.

"ఊఁ, ఇప్పుడు చెప్పండి."

అతని నోరు పిడచకట్టుకుపోయింది. చేతులకు చెమటలు పట్టాయి. అయిపోయింది, దొరికిపోయాను అనుకున్నాడు. దొరికిపోతేనే మేలేమో అని కూడా ఒక పక్క అనిపించింది. దొరికితే ఏడుస్తుంది, నాలుగు తిడుతుంది, రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కుపోతుంది. అంతకంటే ఏం కావాలి?

"ఏమీ లేదన్నాడు. రేపట్నుంచి బండి నడుపుకోవచ్చన్నాడు."

ఆమె చెయ్యి తీయలేదు. "నా కళ్లలోకి చూసి ఇంకోసారి."

చూశాడు. మళ్లీ అదే మాట చెప్పాడు.

ఆమె ముఖం విప్పారింది. "హమ్మయ్య! నిజమే. ఇసుమంత కూడా అదరలేదండీ. గడియారంలా కొట్టుకుంటోంది." కళ్లు తుడుచుకుంది. "ఈ నెల్లాళ్లూ నా ప్రాణం నా దగ్గర లేదనుకోండి. ఉత్తపుణ్యానికి మిమ్మల్ని అనుమానించాను." తాళాల గుత్తి అతని చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లింది. లోపల్నుంచి సన్నగా కూనిరాగం వినిపించింది.

అతను ఉన్నచోటి నుంచి కదల్లేదు. మెల్లగా తన చెయ్యే ఛాతీ మీద పెట్టుకుని చూసుకున్నాడు. ఒళ్లంతా వణుకుతోంది. చేతిలో తాళాలు గలగలలాడుతున్నాయి. లోపల మాత్రం టక్, టక్, టక్... ఒకటే వరస. పొద్దున చెవికెక్కని డాక్టరు మాట ఇప్పుడు అక్షరం పొల్లుపోకుండా వినబడింది.

"భయమేసినా, సంతోషమేసినా మీ గుండె ఇక ఉలిక్కిపడటం లేదండీ. ఆగిపోబోయే గుండెలే అంత నిమ్మళంగా కొట్టుకుంటాయి."