రెక్కకు గోళ్ళరంగు

బస్సు దిగిన మనిషిని చూడగానే దుర్గకు ప్రాణం ఉసూరుమంది.

డ్రోను అమ్మేవాడంటే జీన్సు ప్యాంటు, నల్లద్దాలు ఉంటాయనుకుంది. ఈయనేమో పంచె కట్టుకుని, చంకలో గుడ్డసంచితో, సోడాబుడ్డి కళ్ళద్దాలతో దిగాడు. పేరు మస్తానయ్య. ఫోనులో ప్రకటన చూసి దుర్గే పిలిపించింది. పాపం, కోవూరు నుంచి బస్సులు మారి, కోట దాటి ఈ పల్లెకు వచ్చాడు.

“డ్రోను కావాలన్నది నువ్వేనా తల్లీ?”

“నేనే. ఏం, ఆడోళ్ళు ఎగరేయకూడదా?”

“నేనేమన్నా అన్నానా?” అని నవ్వాడాయన.

ఇద్దరూ ఇసుకలోకి నడిచారు. ఆయన సంచిలోంచి డ్రోను తీశాడు. అరచేతిలో ఇమిడేంత ఉంది. రెక్కల కొసలకు ఎర్ర గోళ్ళరంగు పూసి ఉంది.

“ఇదేంది, పెళ్ళికూతుర్ని చేసినారు?”

“నా చూపు మందం తల్లీ. తిరిగేటప్పుడు ఎర్రగా కనబడతదని నేనే పూస్తా. ఇప్పుడు అదీ కనబడక అమ్మేస్తుండా. ఇంతకీ నీకెందుకిది?”

దుర్గ సముద్రం వైపు చూసింది.

పోయినేడు తుఫానులో ఆమె మొగుడు చిన్నబాబు పడవ ఇంజను ఆగి, గాలికి కొట్టుకుపోయింది. పొద్దుగూకేలోగా ఎట్లాగో ఇల్లు చేరాడు. ఎట్లా చేరాడో మాత్రం ఇప్పటికీ చెప్పలేదు. సముద్రం మీద పడ్డ కష్టాన్ని గడప లోపల ఎత్తకూడదని ఆ పల్లెలో కట్టడి. ఎత్తితే ఆ మాట వెంటే సముద్రమూ ఇంటికొస్తుందట. మగవాళ్ళు హాయిగా నోరు మూసుకుంటారు, ఆడవాళ్ళకు కంటి మీద కునుకుండదు.

“గాలి లేచిన రోజున మా ఆయన పడవ యాడుందో ఒక్కసారి చూసుకోవాల. చూసి దించేస్తా, అంతే.”

మస్తానయ్య రిమోటు ఆమె చేతికిచ్చాడు. 

“ఏదీ, నీ చెయ్యి చూద్దాం.”

మరిది పెళ్ళిలో డ్రోనుతో వీడియో తీసినవాణ్ణి బతిమాలి నేర్చుకున్న విద్య అది. దుర్గ డ్రోనును లేపీలేపగానే సూటిగా సముద్రం మీదికి తోలింది. పొద్దుటి పడమటి గాలి వీపున తన్నింది. చూస్తుండగానే అది చుక్కంత అయింది.

“తిప్పు తల్లీ, తిప్పు!”

తిప్పింది. అది రానంటే రానని మొరాయించింది. మస్తానయ్య రిమోటు అందుకుని, నీళ్ళ మీద కిందుగా ఈడ్చుకుంటూ తెచ్చాడు. గట్టున దబ్బున పడి ఒక రెక్క విరిగింది.

ఆయన వేరే రెక్క బిగించి, డ్రోనును సంచిలో పెట్టేశాడు.

“ఇది నీకు పనికిరాదు తల్లీ. నీ చెయ్యి పోయేదాన్నే చూస్తది, వచ్చేదాన్ని చూడదు. చిన్నదాన్ని ఎప్పుడూ ఎదురుగాలికి పంపాల. అలిసిపోతే గాలే ఇంటికి తెచ్చిస్తది. గాలివాలున పంపితే తిరిగి రాదు.”

“జాగ్రత్తగా ఎగరేసుకుంటాలే.”

“నీకు భయమేసేది గాలి లేచిన రోజునే గదా? ఆ రోజున ఇది ఎగరలేదు. ఎగరగలిగిన రోజున నీకు దీంతో పనే లేదు. దీన్ని నీకు అమ్మను తల్లీ.”

దుర్గకు ఒళ్ళు మండింది.

“చేపలోళ్ళకు ఇవన్నీ ఎందుకులే అనుకున్నారా?”

“అట్టా అనబాకు.”

“మీరెప్పుడూ గాలివాలున పంపలేదా?”

“ఒక్కసారి పంపినా.”

“ఏమైంది?”

“రాలేదు.”

“అదీ సంగతి! మీకు చేతగాక పోగొట్టుకోని, నాకు నీతులు చెప్తుండారు. గాలంటే భయపడేవాళ్ళకు డ్రోనెందుకయ్యా? ఇంట్లో కూచోండి.”

ఆయన కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు.

“నిజమేలే. మీ ఆయన్ని పడవలో వాకీటాకీ పెట్టుకోమను తల్లీ. మాట వినబడితే మనిషి కనబడినట్టే.”

అంత దూరం నుంచి వచ్చిన మనిషికి దుర్గ మజ్జిగ చుక్కయినా ఇవ్వలేదు. ఆయన బస్సెక్కాడు. ఆమె కసిగా ఫోనులోంచి ఆయన నంబరు కూడా తుడిచేసింది.

పదకొండింటికి సముద్రపు గాలి తిరిగింది. చిన్నబాబు పడవ గట్టెక్కింది. ఎవరి కాలికైనా గుచ్చుకుంటుందని ఏరి పెట్టుకున్న రెక్క ముక్కను మొగుడికి చూపించి, దుర్గ జరిగిందంతా ఏకరువు పెట్టింది.

చిన్నబాబు ఆ ముక్కను ఎండలో తిప్పి చూశాడు. చూసి, తడిబట్టలతోనే ఇసుకలో కూలబడ్డాడు.

“ఏంది మావా?”

“ఇది గడప కాదు గదా, చెప్తా. ఆ రోజు వానలో, మాకోసం వచ్చిన పడవలకు మేం కనబడలేదు. గాలి మమ్మల్ని సముద్రం లోపలికి నెడతా ఉంది. అప్పుడొచ్చింది దుర్గా, ఇట్టాంటి ఎర్ర కొసలదే, ఇంకా పెద్దది ఒకటి. మా నెత్తిన నిలబడింది. దాని దీపం చూసుకునే పడవలు మా కాడికొచ్చినాయి. మాకు తాడు కట్టేదాకా కదల్లేదు. తర్వాత మా కళ్ళ ముందరే నీళ్ళలో పడిపోయింది.”

దుర్గ రోడ్డు వైపు చూసింది. బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది.

“ఎగరేసింది ఎవరంట?” అంది.

“రొయ్యల గుంటలకు ఫోటోలు తీయను వచ్చిన కళ్ళద్దాల పెద్దాయనంట, దాన్ని గాలివాలున వదిలేటప్పుడే, ‘ఇది తిరిగి రాదులే, వాళ్ళొస్తే చాలు’ అన్నాడంట.”