చల్లని వేళ్లు

చింతచెట్టు మీంచి పడి మోచెయ్యి విరిగిన ఏడేళ్ల ఓబుళమ్మను నాయన కదిరప్ప ముదిగుబ్బ నుంచి బస్సులో ఆసుపత్రికి తెచ్చేసరికి చీకటి పడింది. అది 1958వ సంవత్సరం.

"లాంతరు ఎలుతురులో ఎముక కూర్చితే వంకర పోతాదప్పా. డాక్టరు పొద్దున చేస్తాడు," అంటూ నర్సు కట్టు కట్టింది.

పాప ఏడుపు వార్డంతా వినబడింది. నడిరాత్రి అది ఉన్నట్టుండి ఆగిపోయింది.

"నొప్పి తగ్గినాదా, తల్లీ?"

"ఇప్పుడేం ల్యాదు నాయనా."

కదిరప్ప నెమ్మదిపడి, కట్టు చివర బయటికి కనిపిస్తున్న ఆమె వేళ్లు పట్టుకున్నాడు. అవి చల్లగా ఉన్నాయి. గట్టిగా నొక్కినా పాప చెయ్యి లాక్కోలేదు. అతని కేక విని వచ్చిన నర్సు ఆ చేతి మణికట్టు పట్టి నాడి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత డాక్టరు ఇంటివైపు పరుగెత్తింది.

కదిరప్ప ఆ వేళ్లను రుద్దుతూనే ఉన్నాడు. పాప తల తిప్పి వింతగా చూసింది.

"నాయనా, ఎవురి చెయ్యి పట్టుకోనుండావు?"