కొడుకు సంతకం

"మీ కొడుకు సంతకం లేనిదే మా అమ్మాయి ఈ ఇల్లు కొనదు" అంటూ రిజిస్ట్రేషన్ కాగితాల మీద చెయ్యి అడ్డం పెట్టేసింది తల్లి.

"అమ్మా, పరువు తియ్యకు" గొణిగింది కూతురు.

"నువ్వూరుకోవే! రేపు ఆ అబ్బాయొచ్చి, ఇల్లు నాదంటూ గుమ్మంలో కూర్చుంటే?"

దస్తావేజులు రాసే ఆయన నవ్వాడు. "ఇల్లు అమ్మే ఈవిడ సొంత సంపాదనమ్మా. కొడుకు సంతకంతో పనే లేదు."

"పెడితే పోయేదేముంది? పిలవండి వదినగారూ, ఎక్కడున్నాడు?"

ఇల్లు అమ్ముతున్నావిడ ఒళ్లో తాళాల గుత్తి వైపే చూస్తూ అంది. "తెలిస్తే వెళ్లి కాళ్లు పట్టుకునైనా తీసుకురానూ? నేనో మాటన్నానని అలిగి వెళ్లిపోయాడు. వస్తాడేమోనని ఇన్నేళ్లూ ఇల్లు కదల్లేదు. ఇక ఒంటరిగా ఉండలేక కూతురి దగ్గరికి పోతున్నా."

తల్లి చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

అమ్ముతున్నావిడ సంతకం పెట్టి, తాళాలు ఇల్లు కొన్న అమ్మాయి చేతికిచ్చి లేచింది. తల్లి గబగబా వెనకే వెళ్లి ఆవిడ మోచెయ్యి పట్టుకుంది.

"మీ ఫోన్ నంబరివ్వండి వదినా. వాడొచ్చి గుమ్మంలో కూర్చుంటే, మీరొచ్చేదాకా కదలనివ్వను."

"తలుపు మాత్రం తొందరగా తియ్యండమ్మా" అంది ఆవిడ. "వాడికి ఓపిక తక్కువ."