మూడు నిద్దర్లు

పార్సిప్పనీ అపార్ట్‌మెంట్‌లో లాప్‌టాప్ ముందు కూర్చున్న జితేందర్‌కు ఒళ్ళు మండిపోతోంది. వేసవి సెలవులకు ఫ్రాన్స్ పల్లెటూళ్ళో పాతకాలపు రాతి ఇల్లు దొరకడమే గగనం. దొరికిందని చూపిస్తే, భార్య హిమజ అన్నిటికీ వంకలే పెడుతోంది.

“గోడలు చూడు, సిమెంట్ లేదు, ఉత్త రాళ్ళే. ఎంత బ్యూటిఫుల్‌గ ఉందో!”

“వానొస్తే కారదా?”

“కారనీ. అదే చార్మ్.”

“కిటికీలు ఇంతింతే ఉండాయి. ఉక్కపోయదా?”

“రాతి గోడలు చల్లగుంటయ్.”

“బాత్రూం యాడుంది?”

“వెనక పెరట్ల. అథెంటిక్ అంటే గట్లనే ఉంటది!” అని కసిరాడు. “నీకసలు టేస్టే లేదు హిమా. నేను బుక్ చేస్తున్న. మినిమం త్రీ నైట్స్ ఉండాల్నంట.”

హిమజ అప్పుడు నవ్వింది.

“మూడు నిద్దర్లన్నమాట. చెయ్యి, చెయ్యి. పెళ్ళయినాక బేతంచెర్లలో మా ఇంట్లో చేయాల్సినవి అట్లే మిగిలిపోయినాయి కదా. ‘ఈ రాళ్ళ కొంపలో మనుషులుంటరా’ అని మొదటి రోజే లేచి కర్నూలు లాడ్జికి పోతివి.”